ఆర్‌పీఎంని రేడియన్లలోకి ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు అక్కర్లేదు?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినవారు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌లో చేరి రెండు నెలలైంది. అక్కడ 3.7 కిలోవాట్ల మోటారు ఒకటి ఉంది, నేమ్‌ప్లేట్ మీద 1440 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అని ఉంది. పవర్‌ని వేగంతో భాగిస్తే టార్క్ (తిప్పే బలం) వస్తుందని చదువుకున్నారు కదా, 3700ని 1440తో భాగించారు. 2.57 వచ్చింది. సీనియర్ చూసి, "24.5 రావాలి, 9.55 పెట్టి గుణించు" అని చెప్పి వెళ్లిపోయారట. ఆ 9.55 ఎక్కడి నుంచి ఊడిపడింది, ఆర్‌పీఎం, హెర్ట్జ్ (సెకనుకు చుట్లు), డిగ్రీలు, రేడియన్లు వీటిలో ఎప్పుడు ఏది వాడాలి అన్నది వారి సందేహం.

మీ సీనియర్ చెప్పిన జవాబు కరెక్టే. 1440ని 9.55తో భాగించండి, 150.8 వస్తుంది. అది మీ మోటారు వేగం, సెకనుకు రేడియన్లలో. ఇప్పుడు 3700ని 150.8తో భాగిస్తే 24.5 న్యూటన్ మీటర్లు. మీరు ఫార్ములా తప్పు వాడలేదు, దానిలో పెట్టాల్సిన వేగాన్ని వేరే యూనిట్‌లో పెట్టారు, అంతే.

9.55లో మాయేమీ లేదు. ఒక పూర్తి చుట్టులో 2 పై రేడియన్లు, అంటే 6.2832. నిమిషానికి 60 సెకన్లు. 60ని 6.2832తో భాగిస్తే 9.549. షాపులో అందరూ 9.55 అనేస్తారు. కిలోవాట్లలోనే లెక్క కట్టేవాళ్లు దాన్నే 9550 అంటారు: కిలోవాట్లను 9550తో గుణించి ఆర్‌పీఎంతో భాగిస్తే టార్క్. రెండూ ఒకటే.

ఇక ఎప్పుడు ఏది వాడాలి అన్నదానికి ఇరవై ఏడేళ్లుగా తిరిగే యంత్రాల మధ్య బతికినవాడిగా నేను చెప్పగలిగేది ఇది:

తిరిగే వేగం నుంచి దూరమో, బలమో, పవరో తేల్చాలంటే రేడియన్లు కావాలి. ఒక చక్రం వేగాన్ని ఇంకో చక్రం వేగంతో పోల్చడమే పనైతే ఏ యూనిట్ అయినా ఫర్వాలేదు, మార్చకండి.

కారణం చెబుతాను, ఎందుకంటే కారణం తెలియకపోతే రేపు ఇంకో ఫార్ములా దగ్గర మళ్లీ ఇదే ఇబ్బంది. ఒక సైకిల్ చక్రం తీసుకోండి. ఇరుసు నుంచి రిమ్ము దాకా ఒక దారం కొలిచి తెంపండి. అదే దారాన్ని వాల్వు దగ్గర మొదలుపెట్టి రిమ్ము మీద వంపుగా అంటించండి. ఆ దారం రెండు కొసలకూ ఇరుసు దగ్గర ఏర్పడే కోణమే ఒక రేడియన్, 57.3 డిగ్రీలు. అలాంటి దారాలు ఇంకో ఐదు తెంపి వరసగా అంటించుకుంటూ వెళ్తే ఆరూ అయ్యాక వాల్వు దాకా ఇంకా కొంచెం జాగా మిగులుతుంది, దారంలో పావు కన్నా కాస్త ఎక్కువ. అదే 6.28లో ఉన్న ఆ 0.28.

అంటే చక్రం ఒక రేడియన్ తిరిగితే రిమ్ము మీది చుక్క సరిగ్గా ఒక వ్యాసార్ధమంత దూరం పోతుంది. అందుకే అంచు వేగం కావాలంటే రేడియన్ల వేగాన్ని వ్యాసార్ధంతో గుణిస్తే చాలు, మధ్యలో ఇంకే అంకే రాదు. డిగ్రీలు పెడితే 57.3, ఆర్‌పీఎం పెడితే 9.55 వచ్చి కూర్చుంటాయి. పవర్ అంటే బలం ఇంటూ వేగం. ఆ వేగం అంచు దగ్గరి వేగమే కాబట్టి టార్క్ ఫార్ములా కూడా రేడియన్లే అడుగుతుంది.

చిన్న పక్కదారి. రేడియన్ అన్న పేరు 1873లో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కాలేజీ పరీక్ష పేపర్లో తొలిసారి అచ్చయింది. అది తయారుచేసిన ప్రొఫెసర్ జేమ్స్ థామ్సన్, లార్డ్ కెల్విన్ అన్నగారు. పేరు అప్పటిదే గానీ ఆలోచన అంతకన్నా చాలా పాతది. ఆర్యభటుడు 499 ప్రాంతంలో రాసిన జ్యా (సైన్) పట్టికలో వృత్తం చుట్టుకొలతను 21600 కళలుగా (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) తీసుకుంటే వ్యాసార్ధం 3438 కళలు వస్తుంది. ఒక రేడియన్‌ని మీరే కళల్లోకి మార్చి చూడండి: 57.2958 ఇంటూ 60, మొత్తం 3437.7. కోణాన్నీ పొడవునూ ఒకే కొలబద్దతో కొలవాలన్న ఆలోచన ఆ 3438లోనే ఉంది. గ్రహాల వేగాన్ని కూడా ఆయన యుగానికి ఇన్ని భగణాలు అని చెప్పాడు. భగణం అంటే ఒక పూర్తి చుట్టు. మనం నిమిషానికి చుట్లు అంటున్నాం, ఆయన యుగానికి చుట్లు అన్నాడు. చంద్రుడు రోజుకు సగటున 13 డిగ్రీల 10 కళలు కదులుతాడని పంచాంగం గుణించేవాళ్లు చెప్పినా అదీ కోణీయ వేగమే.

సరే, షాపులోకి వద్దాం. యూనిట్ల మధ్య సంబంధాలను బట్టీ పట్టకండి. గోడ గడియారంలో సెకన్ల ముల్లును చూడండి. నిమిషానికి ఒక చుట్టు, అంటే 1 ఆర్‌పీఎం. సెకనుకు 6 డిగ్రీలు. హెర్ట్జ్‌లో అయితే అరవయ్యో వంతు. రేడియన్లలో 0.1047. ఆ ముల్లు కళ్లముందు ఉంటే మిగిలినవన్నీ అక్కడి నుంచే కట్టుకోవచ్చు. 1440 ఆర్‌పీఎం అంటే ఆ ముల్లు 1440 రెట్లు వేగంగా తిరగడం: సెకనుకు 24 చుట్లు, 8640 డిగ్రీలు, 150.8 రేడియన్లు.

క్యాలిక్యులేటర్ లేనప్పుడు నేను చేసే పని: ఆర్‌పీఎంని పదితో భాగించి, దానికి ఐదు శాతం కలపడం. 1440లో పదో వంతు 144, దానికి ఏడు కలిపితే 151. అసలు జవాబు 150.8. నిలబడి మాట్లాడుకుంటూ చెప్పడానికి ఇది చాలు, రిపోర్టులో రాయడానికి చాలదు.

మార్చక్కర్లేని చోట మార్చకండి అన్నాను కదా. మోటారు మీద 4 అంగుళాల పుల్లీ, బ్లోయర్ మీద 6 అంగుళాల పుల్లీ ఉంటే బ్లోయర్ ఎంత తిరుగుతుంది? 1440 ఇంటూ 4 బై 6, అంటే 960. బెల్టు జారుడు వల్ల కాస్త తగ్గుతుంది. ఇక్కడ అంగుళాలను మీటర్లలోకి, ఆర్‌పీఎంని రేడియన్లలోకి మార్చి, మళ్లీ వెనక్కి మార్చే కుర్రాళ్లను చూశాను. తప్పేం లేదు గానీ నాలుగు చోట్ల తప్పు చేయడానికి అవకాశం కొనితెచ్చుకున్నట్టు. అదే బెల్టు సెకనుకు ఎన్ని మీటర్లు పరుగెడుతోంది అని అడిగారనుకోండి, అప్పుడు దూరం వచ్చింది, కాబట్టి రేడియన్లు: 150.8 ఇంటూ 0.0508 (4 అంగుళాల పుల్లీ వ్యాసార్ధం, మీటర్లలో), 7.7 మీటర్లు.

ఈ అంచు వేగం అన్నది ఎంత మోసగిస్తుందో ఇంట్లోనే చూడొచ్చు. 1200 మిల్లీమీటర్ల సీలింగ్ ఫ్యాను ఫుల్ స్పీడ్‌లో 380 ఆర్‌పీఎం అనుకుందాం. 380 పెద్ద అంకెలా అనిపించదు. రేడియన్లలో 39.8. రెక్క కొస ఇరుసు నుంచి 0.6 మీటర్ల దూరం. గుణిస్తే సెకనుకు 23.9 మీటర్లు, గంటకు 86 కిలోమీటర్లు! మంచం మీద నిలబడి చేతులు పైకెత్తే పిల్లల తల్లిదండ్రులకు ఈ అంకె ఒకసారి చెప్పి చూడండి.

దీనికి అన్నలాంటిది యాంగిల్ గ్రైండర్. దీని దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే యూనిట్ మార్చడం రాక చేతులు పోగొట్టుకునే చోటు ఇదే. 4 అంగుళాల మెషిన్ చాలావాటికి 11000 ఆర్‌పీఎం ఉంటుంది. రేడియన్లలో 1152. 4 అంగుళాల డిస్క్ వ్యాసార్ధం 50 మిల్లీమీటర్లు, కాబట్టి అంచు సెకనుకు 57.6 మీటర్లు. డిస్క్ మీద సాధారణంగా సెకనుకు 80 మీటర్లు అని రాసి ఉంటుంది, ఇబ్బంది లేదు. నేను పనిచేసిన ఒకచోట ఫ్యాబ్రికేషన్ కుర్రాడు పెద్ద పైపు కోయాలని గార్డు తీసేసి, బుష్ వేసి అదే మెషిన్‌కి 7 అంగుళాల డిస్క్ బిగించాడు. "రెండిటి మీదా 80 అనే ఉంది కదా సార్" అన్నాడు. ఉంది, నిజమే. కానీ ఆ 80 మీటర్లు అంచు వేగం, మెషిన్ మీద ఉన్న 11000 తిరిగే వేగం. 7 అంగుళాల డిస్క్ వ్యాసార్ధం 90 మిల్లీమీటర్లు. 1152 ఇంటూ 0.09, దాదాపు 104 మీటర్లు. హద్దు కన్నా ముప్పై శాతం ఎక్కువ. డిస్క్‌ని చీల్చే ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి అది 1.7 రెట్లు. స్విచ్ వేయకముందే ఆపగలిగాం. డిస్క్ మీద చిన్న అక్షరాల్లో 8500 ఆర్‌పీఎం అని కూడా ఉంది. ఆ 8500ని 9.55తో భాగించి 0.09తో గుణిస్తే సరిగ్గా 80 వస్తుంది. కుర్రాడి చేతే చేయించాను ఆ లెక్క, సుద్దముక్కతో ప్లేటు మీద.

ఇప్పుడు నా సొంత తప్పు. చేరిన మూడో ఏడు. 1475 ఆర్‌పీఎం బ్లోయర్, మోటారు 37 కిలోవాట్లు. అప్పట్లో మా దగ్గరున్న వైబ్రేషన్ మీటరు మైక్రాన్లే చూపించేది, అంటే బేరింగ్ ఎంత దూరం ఊగుతోంది అన్నదే. మధ్య నుంచి ఒక పక్కకు 50 మైక్రాన్లు, అంటే 0.05 మిల్లీమీటర్లు. హద్దులేమో మిల్లీమీటర్ పర్ సెకండ్‌లో ఉంటాయి. ఊగే దూరాన్ని కోణీయ వేగంతో గుణిస్తే ఊగే వేగం వస్తుంది. నేను 1475ని 60తో భాగించి 24.6 హెర్ట్జ్ తెచ్చి, 0.05తో గుణించి 1.23 అని రాశాను. "బాగుంది" అని టిక్కు పెట్టాను. పదకొండు రోజులకు, నైట్ షిఫ్టులో, డ్రైవ్ వైపు బేరింగ్ పట్టేసింది.

మర్నాడు మా ఫోర్‌మన్ నా నోట్‌బుక్ తెరిచి ఆ 24.6 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన ఒకే మాట రాశాడు: "2 పై?" హెర్ట్జ్ అంటే సెకనుకు చుట్లు. నాకు కావాల్సింది సెకనుకు రేడియన్లు, 154.5. దానితో గుణిస్తే 7.7. హద్దులు రాసే ఆర్‌ఎంఎస్ (ఒక రకం సగటు) లెక్కలోకి మార్చడానికి 1.414తో భాగిస్తే 5.5. అప్పటి వైబ్రేషన్ ప్రమాణం ఐఎస్‌ఓ 10816 పట్టికలో ఆ సైజు మోటారు, గట్టి ఫౌండేషన్ మీద ఉంటే, 4.5 దాటాక డి జోన్. అంటే మెషిన్ దెబ్బతినే దశ. నేను దానికి "బాగుంది" అని రాశాను.

ఇక్కడ అసలు చిక్కు ఏమిటంటే, ఈ తప్పును యూనిట్లు సరిచూసుకోవడం పట్టుకోదు. మామూలుగా మనం కిలోమీటర్లకు బదులు మైళ్లు పెడితే చివర యూనిట్ తేడాగా కనిపిస్తుంది. రేడియన్ అలా కనబడదు. అది పొడవును పొడవుతో భాగిస్తే వచ్చే ఉత్త సంఖ్య. హెర్ట్జ్ తీసుకున్నా, రేడియన్ పర్ సెకండ్ తీసుకున్నా, కొలతల పరంగా చివరికి మిగిలేది "పర్ సెకండ్" మాత్రమే. రేడియన్‌ని ఎలా చూడాలన్నది పెద్దవాళ్లకూ తేలలేదు. చాలాకాలం దాన్ని అనుబంధ యూనిట్ అని వేరే గదిలో కూర్చోబెట్టి, 1995లో తూనికలు కొలతల అంతర్జాతీయ సభ ఆ గదినే ఎత్తేసి, దాన్ని మామూలు ఉత్పన్న యూనిట్లలో కలిపేసింది. కాబట్టి హెర్ట్జ్‌కీ రేడియన్‌కీ మధ్య 6.28 రెట్ల తేడాని కాగితం మీది యూనిట్లు చెప్పవు, మీరే కనిపెట్టుకోవాలి. ఫార్ములాలో వేగం వర్గం ఉంటే ఇంకా ఘోరం, తేడా దాదాపు 39 రెట్లు. రక్త పరీక్షల ల్యాబులో సెంట్రిఫ్యూజ్ 3000 ఆర్‌పీఎం దగ్గర, 15 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో, గురుత్వానికి 1500 రెట్ల పైచిలుకు బలం ఇస్తుంది. హెర్ట్జ్ పెట్టి లెక్క కడితే 38 రెట్లే అని వస్తుంది. అలా చేస్తే ఆ ట్యూబులో రక్తం ఎలా విడిపోతుందా అని ఆశ్చర్యపోతారు.

మీ ప్లాంటులో వీఎఫ్‌డీలు (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగాన్ని మార్చే పెట్టెలు) ఉన్నాయో లేదో రాయలేదు. ఉంటే ఇంకో గుంట ఉంది. వీఎఫ్‌డీ తెర మీద 35 హెర్ట్జ్ అని కనిపిస్తే షాఫ్టు సెకనుకు 35 చుట్లు తిరుగుతోందనుకుంటారు. కాదు. అది కరెంటు ఫ్రీక్వెన్సీ. మీది 1440 మోటారు అంటే నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు). కరెంటు రెండుసార్లు ఊగితే లోపలి అయస్కాంత క్షేత్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 35 హెర్ట్జ్‌కి 17.5 చుట్లు, 1050 ఆర్‌పీఎం, స్లిప్ పోగా ఇంకొంచెం తక్కువ. ఇదే కారణంగా ఎలక్ట్రికల్ పుస్తకాల్లో 50 హెర్ట్జ్‌కి ఎప్పుడూ కనిపించే 314ని (2 పై ఇంటూ 50) తీసుకెళ్లి టార్క్ లెక్కలో పెట్టకూడదు. నాలుగు పోల్స్ మోటారుకు క్షేత్రం తిరిగేది 157, షాఫ్టు తిరిగేది మీ 150.8. ఆ రెండిటి మధ్య నాలుగు శాతం తేడాయే స్లిప్. 314 పెడితే టార్క్ సగానికి పడిపోతుంది. సగం అంటే నమ్మదగినట్టే కనిపిస్తుంది, అదే ప్రమాదం. మీ 2.57 లాంటి తప్పులు నయం, చూడగానే అనుమానం వస్తుంది.

డిగ్రీలు మన మెకానికల్ వాళ్లకు పెద్దగా తగలవు. ఎలక్ట్రానిక్స్ వైపు తగులుతాయి. మా మేనల్లుడు ఇంజనీరింగ్ ప్రాజెక్టుకి రెండు చక్రాల మీద తనంతట తానే నిలబడే రోబో చేశాడు. తిరిగే వేగాన్ని కొలిచే ఎంపీయూ 6050 సెన్సార్ పెట్టాడు. 250 డిగ్రీల రేంజిలో దాని రీడింగును 131తో భాగిస్తే సెకనుకు డిగ్రీలు వస్తాయి. వాడు అంతవరకూ సరిగ్గా చేసి, ఆ డిగ్రీలను రేడియన్లు ఆశించే కోడ్‌లో పోశాడు. 57 రెట్లు ఎక్కువ. ఆన్ చేయగానే రోబో జ్వరం వచ్చినట్టు వణికి, టేబుల్ మీద నుంచి దూకింది. వాడు మోటార్లు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, రెండు రాత్రులు మేలుకున్నాడు. ఒక్క లైను. కొన్ని లైబ్రరీలు అదే సెన్సార్ నుంచి నేరుగా రేడియన్లే ఇస్తాయి, అప్పుడు మళ్లీ మార్చినా తప్పే. ఏది ఏ యూనిట్‌లో ఇస్తుందో చదవకుండా ఎవరి కోడూ ఎత్తుకోవద్దు. క్యాలిక్యులేటర్ కూడా అంతే, సైన్ కొట్టేముందు పైన డిగ్రీ మోడ్‌లో ఉందో రేడియన్ మోడ్‌లో ఉందో చూడండి.

మామూలుగా ఎవరూ అడగనిది ఒకటి. తిరిగే వేగం తక్కువ ఉంటే అంచు వేగం తక్కువే ఉంటుందనుకుంటాం. భూమి రోజుకు ఒక్క చుట్టు. గడియారంలో గంటల ముల్లు రోజుకు రెండు చుట్లు. అంటే భూమి గంటల ముల్లు కన్నా సగం వేగంతో తిరుగుతోంది. రేడియన్లలో సెకనుకు 0.0000729. దాన్ని భూమధ్యరేఖ దగ్గర భూమి వ్యాసార్ధం 6378 కిలోమీటర్లతో గుణిస్తే 465 మీటర్లు. శ్రీహరికోట కాస్త ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ 450 చిల్లర. రాకెట్‌ని తూర్పుకు వదిలితే సెకనుకు ఆ 450 మీటర్లు ఊరికే వచ్చినట్టు. గంటల ముల్లులో సగం వేగం నుంచి!

మళ్లీ మీ మోటారు దగ్గరికి. నేమ్‌ప్లేట్ మీద హెచ్‌పీ మాత్రమే ఉంటే ముందు దాన్ని 746తో గుణించి వాట్లు చేసుకోండి. 5 హెచ్‌పీ అంటే 3730, మీ 3.7 కిలోవాట్లు అదే. మీ ప్లాంటులో అదే 3.7 కిలోవాట్లకు 960 ఆర్‌పీఎం మోటారు ఎక్కడో ఒకటి ఉండే ఉంటుంది. దాని టార్క్ ఎంతో మీరే కట్టండి: 960ని 9.55తో భాగిస్తే 100.5, 3700ని దానితో భాగిస్తే 36.8. పవర్ అదే అయినా టార్క్ ఒకటిన్నర రెట్లు. తర్వాత, రెండు మోటార్లూ ఆపి, లాక్ వేసి ఉన్నప్పుడు వెర్నియర్‌తో షాఫ్టులు కొలవండి. 1440ది 112 ఫ్రేము (మోటారు బాడీ సైజు నంబరు), షాఫ్టు 28 మిల్లీమీటర్లు ఉండాలి. 960ది 132 ఫ్రేము, 38 మిల్లీమీటర్లు. మీ లెక్కలో వచ్చిన 36.8 ఎక్కడికి వెళ్లిందో ఆ ఇనుములో కనిపిస్తుంది.